చలికాలంలో బుడతలతో రోజు ఎలా నడపాలి: బట్టలు, స్నానం, నిద్ర, జలుబు

చలి మొదలైందంటే ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో అవే ప్రశ్నలు. ఎన్ని బట్టలు తొడగాలి? చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, చలేస్తోందా? స్నానం రోజూ చేయించాలా? రాత్రంతా దుప్పటి తన్నేస్తుంటే ఏం చేయాలి? ముక్కు కారుతోంది, బయటికి తీసుకెళ్లొచ్చా? పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా రోజు నడిచే క్రమంలోనే వీటికి జవాబులు రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. ఈ వయసు పిల్లలకు చలికాలంలో వచ్చే చికాకుల్లో చాలావాటికి మనం చేసే అతి జాగ్రత్తే కారణం. బట్టలు ఎక్కువైతే చెమట పడుతుంది, ఆ తడే కాసేపటికి వణుకు పుట్టిస్తుంది. హీటర్ పెట్టి తలుపులు బిగిస్తే గాలి పొడిబారి ముక్కు బిగుసుకుంటుంది. బాగా వేడినీళ్లు పోస్తే చర్మం పగులుతుంది. కాబట్టి ఇక్కడ "ఇంకొంచెం కప్పండి" అన్న సలహా కన్నా "ఒకటి తీసేయండి" అన్న సలహానే ఎక్కువగా కనిపిస్తుంది. ఏడాది నిండని పసివాళ్లకు పక్క, తేనె, మందుల విషయంలో నియమాలు వేరు. ఇవి వాళ్లకు వర్తింపజేయకండి.

కావలసినవి

- గది థర్మామీటర్. తేమ శాతం కూడా చూపించేదైతే ఇంకా మంచిది.
- జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్.
- ఒంటికి అతుక్కుని ఉండే పలుచటి పొడుగు చేతుల లోబట్టలు 4 లేదా 5.
- ఉన్ని లేదా ఫ్లీస్ స్వెటర్లు 2 లేదా 3, ముందువైపు తెరుచుకునేవి.
- గాలీ తడీ లోపలికి రానివ్వని జాకెట్ 1.
- చెవులు మూసే టోపీలు 2, బొటనవేలు మాత్రమే విడిగా ఉండే చేతి తొడుగులు 2 జతలు. రెండో జత ఎందుకంటే మొదటిది ఎలాగూ తడుస్తుంది.
- వాసన లేని చర్మం క్రీము, పెట్రోలియం జెల్లీ.
- ముక్కులో వేసే సెలైన్ చుక్కలు, చీమిడి లాగే రబ్బరు బల్బు.
- నీళ్లు ఇంకని పక్క షీట్లు 2.

కొనకూడనివి రెండున్నాయి. మెడకు చుట్టే పొడుగు స్కార్ఫ్ ఒకటి, మెడ దగ్గర బిగించే తాళ్లున్న జాకెట్ రెండోది. జారుడుబల్లకో తలుపు గడియకో చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి. వాటి బదులు తల మీంచి తొడిగే గుండ్రటి మెడపట్టీ వాడండి. ఇంట్లో ఉన్న జాకెట్‌కు తాళ్లుంటే లాగి పడేయండి.

1. ముందు గదిని సరిచేయండి

థర్మామీటర్‌ను బిడ్డ పడుకునే ఎత్తులో, కిటికీకీ హీటర్‌కూ దూరంగా పెట్టండి. గోడకు ఎత్తుగా తగిలిస్తే అది పైకి చేరిన వేడిగాలిని కొలుస్తుంది, మంచం దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది. నిద్రవేళ 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. పగలు ఆడుకునేటప్పుడు 20, 22 మధ్య ఉంటే చాలు. అంతకన్నా వేడెక్కిస్తే బిడ్డ చిరాకు పడుతుంది, రాత్రి మాటిమాటికీ లేస్తుంది.

తేమ 40 నుంచి 50 శాతం ఉండేలా చూడండి. 30 కన్నా తగ్గితే ముక్కు లోపల ఎండి చెక్కు కడుతుంది, ఒక్కోసారి రక్తం చారలు కూడా కనిపిస్తాయి. 60 దాటితే గోడలకు బూజు పడుతుంది. పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారుతుంటే తేమ ఎక్కువైందని గుర్తు. ఉతికిన బట్టలు ఆ గదిలోనే ఆరేస్తున్నారేమో చూసుకోండి. గాలి పొడిగా ఉన్న చోట తేమ యంత్రం వాడేవాళ్లు చల్లటి తుంపర ఇచ్చేదే తీసుకోండి. వేడి ఆవిరి ఇచ్చేది బిడ్డ లాగి మీద పోసుకునే ప్రమాదముంది. నీళ్లు రోజూ మార్చి, తొట్టి తుడిచి ఆరబెట్టకపోతే ఆ యంత్రమే బూజును గదంతా చల్లుతుంది.

ఎంత చలిగా ఉన్నా పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి బిడ్డను వేరే గదిలో ఉంచి పది నిమిషాలు కిటికీలు తెరవండి. గోడలూ సామానూ దాచుకున్న వేడి అంతలో పోదు, మూసేశాక గది త్వరగానే మళ్లీ వెచ్చబడుతుంది.

హీటర్ చుట్టూ మీటరు దూరం దాకా పరుపు, పరదా, బట్టలు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వద్దు. పడుకునే ముందు అరగంట గది వేడిచేసి, నిద్రపోయేటప్పుడు ఆపేయడం మంచి పద్ధతి.

హెచ్చరిక: మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఒక్క గంట కూడా పెట్టకండి. నిప్పు కనకన మండుతూ పొగ లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. గ్యాస్ హీటరైనా గాలి వచ్చిపోయే దారి లేకుండా వాడకూడదు.

2. ఎన్ని బట్టలు? లెక్క ఇదీ

మీరు హాయిగా ఉండటానికి ఎన్ని పొరలు వేసుకున్నారో లెక్కపెట్టండి. బిడ్డ కదలకుండా కూర్చునేటప్పుడు, అంటే తోపుడు బండిలోనో చంకలోనో ఉన్నప్పుడు, మీకన్నా ఒక పొర ఎక్కువ. పరిగెత్తి ఆడుకునేటప్పుడు మీతో సమానం. ఛాతీకి కట్టుకునే సంచిలో మోస్తుంటే మీ ఒళ్లే ఒక పొర కింద లెక్క, ఆ మేరకు ఒకటి తగ్గించండి. ఈ చివరి సంగతి చాలామందికి తట్టదు. అందుకే సంచిలోంచి దించేసరికి బిడ్డ వీపంతా తడిసి ఉంటుంది.

లోపల పలుచటిది, మధ్యలో వెచ్చటిది, పైన గాలి ఆపేది, ఇదీ క్రమం. ఇంట్లో ఉన్నంతసేపూ మొదటి రెండూ చాలు. ఒకే మందపాటి కోటు కన్నా మూడు పలుచటి పొరలు నయం. పొరల మధ్య చిక్కుకున్న గాలే వేడిని పట్టి ఉంచుతుంది, పైగా వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. బాగా పరిగెత్తే రోజు లోపలి పొర నూలుది కాకుండా పలుచటి ఉన్నిదో, చెమట త్వరగా ఆరే సింథటిక్‌దో వేయండి. నూలు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. ఉన్ని గుచ్చుకుని గోక్కునే పిల్లలకు మాత్రం ఒంటికి నూలుదే వేసి, ఆట అయిపోగానే మార్చేయండి.

సరిపోయిందో లేదో చూసే పద్ధతి: బట్టలు తొడిగిన పదిహేను నిమిషాలకు రెండు వేళ్లు మెడ వెనక నుంచి కాలరు లోపలికి, భుజాల మధ్య దాకా పోనివ్వండి. ముందు మీ వేళ్లు చల్లగా లేకుండా చూసుకోండి, లేకపోతే అన్నీ వేడిగానే అనిపిస్తాయి.

- వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. ఏమీ మార్చకండి.
- వేడిగా, జిగటగా, తడిగా ఉంటే ఒకటి తీసేయండి. లోపలిది తడిస్తే మార్చాల్సిందే.
- చల్లగా ఉంటే ఒకటి వేయండి.

చేతులూ పాదాలూ పట్టుకుని తేల్చకండి. శరీరం ముందు గుండె, పొట్ట, మెదడు వెచ్చగా ఉంచుకోవడానికి చూస్తుంది, అందుకే చేతులకు రక్తం తగ్గించి పంపుతుంది. వీపు వెచ్చగా ఉండి చేతులు మాత్రం చల్లగా ఉన్న బిడ్డకు తొడుగులు వేయండి చాలు, స్వెటర్ అక్కర్లేదు. బుగ్గలు ఎర్రబడి, నుదుటి దగ్గర జుట్టు తడిసి, ఊరికే పేచీ పెడుతుంటే చలి కాదు, ఉక్క.

3. తొడిగే క్రమం

పొద్దున ఇల్లు కదలాలంటే అసలు యుద్ధం ఇక్కడే. క్రమం తప్పితే జాకెట్ అంతా వేశాక డైపర్ మార్చాల్సి వస్తుంది.

అ. ముందు మీరు పూర్తిగా తయారవండి, చెప్పులతో సహా. బిడ్డకు జాకెట్ వేసి మీరు తాళాలు వెతుక్కుంటుంటే ఆ ఐదు నిమిషాల్లోనే చెమట పట్టేస్తుంది.

ఆ. డైపర్ మార్చండి, లేదా ఒకసారి మూత్రానికి కూర్చోబెట్టండి.

ఇ. కింద నుంచి పైకి: సాక్సులు, ప్యాంటు, బూట్లు. లోబట్టను ప్యాంటులోకి దోపండి, ఎత్తుకున్నప్పుడు నడుం బయటపడదు.

ఈ. స్వెటర్, తర్వాత చేతి తొడుగులు, వాటి మీంచి జాకెట్ చేతులు. తొడుగు జాకెట్ చేయి లోపల ఉంటే నిమిషానికోసారి పీకి పారేయడం కష్టం.

ఉ. టోపీ గుమ్మం దాటేటప్పుడు.

జాకెట్ వేయనివ్వని పిల్లలకు ఒక చిట్కా ఉంది. జాకెట్‌ను లోపలివైపు పైకి కనిపించేలా నేల మీద పరిచి, కాలరు బిడ్డ పాదాల వైపు ఉండేలా నిలబెట్టండి. వంగి రెండు చేతులూ జాకెట్ చేతుల్లో పెట్టమనండి. ఆ చేతుల్ని తల మీంచి వెనక్కి విసిరితే జాకెట్ సరిగ్గా వీపు మీద పడుతుంది. రెండేళ్లు దాటిన పిల్లలు నాలుగైదు సార్లకు నేర్చేసుకుంటారు, ఆ తర్వాత మిమ్మల్ని ముట్టుకోనివ్వరు.

"జాకెట్ వేసుకుంటావా?" అని అడిగితే వచ్చే జవాబు "వద్దు". "ఎర్రటోపీయా, నీలంటోపీయా?" అని అడగండి. రెండే ఇవ్వండి, మూడోది వద్దు.

బూటులో బొటనవేలి ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కాళ్లు చల్లబడుతున్నాయని రెండు జతల సాక్సులు కుక్కితే ఆ ఖాళీ పోయి, పాదం నొక్కుకుపోయి, ఇంకా చల్లబడుతుంది. ఒక జత మంచి ఉన్ని సాక్సులు చాలు. నున్నటి నేల మీద ఉత్త సాక్సులతో వదలకండి. కింద రబ్బరు చుక్కలున్నవి వేయండి, నేల మరీ చల్లగా లేకపోతే వట్టి కాళ్లతోనే తిరగనివ్వండి.

4. బయటికి

రోజూ ఒకసారి బయటికి తీసుకెళ్లండి, ఎండ కాసే వేళ అయితే మేలు. జలుబు చేసేది చలిగాలి కాదు, వైరస్. మూసిన గదిలో నలుగురి మధ్య కూర్చుంటేనే అది తేలిగ్గా అంటుతుంది. ముక్కు కారుతున్నా జ్వరం లేకుండా, మామూలుగా తిని ఆడుకుంటున్న బిడ్డను బయటికి తీసుకెళ్లొచ్చు.

ఉష్ణోగ్రత సున్నాకు అటూఇటూగా ఉంటే ఒక్కో విడత 20 నుంచి 30 నిమిషాలు చాలు. అంతకన్నా వెచ్చగా ఉన్నచోట గడియారం అక్కర్లేదు, మెడ వెనక వేళ్లు పెట్టి చూడండి. ఈదురుగాలి ఉంటే థర్మామీటర్ చూపించే దానికన్నా చలి ఎక్కువ తగులుతుంది. తడిసిన తొడుగులు, సాక్సులు ఉంటే ఆట అక్కడితో ఆపేయండి. వేళ్ల చివరలు, చెవులు, ముక్కు కొన తెల్లగానో బూడిదరంగుగానో మారి మొద్దుబారినట్టుంటే లోపలికి తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. రుద్దకండి, హీటర్ దగ్గర కాచకండి. రంగు మామూలుగా రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తోపుడు బండిని దుప్పటితో పూర్తిగా కప్పేయకండి, గాలాడదు. లోపల బిడ్డ ఎలా ఉందో మీకూ కనిపించదు.

కారు సీటులో లావుపాటి జాకెట్ వద్దు. ఇది వినగానే చాలామంది అనుమానంగా చూస్తారు. అందుకే మీరే ఒకసారి చేసి చూడండి. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు మామూలుగా బిగించండి. బెల్టు పొడవు మార్చకుండా బిడ్డను దించి, జాకెట్ తీసి మళ్లీ కూర్చోబెట్టి కట్టండి. ఇప్పుడు బెల్టుకూ ఛాతీకీ మధ్య కనిపించే వదులే అసలు సంగతి. ప్రమాదం జరిగితే జాకెట్‌లోని దూది ఒక్కసారిగా నలిగిపోయి, బిడ్డ అంత మేర ముందుకు ఎగిరిపోతుంది. పలుచటి స్వెటర్‌తో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, జాకెట్‌ను తిరగేసి బెల్టు మీంచి కప్పండి. భుజం దగ్గర బెల్టును రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత పట్టుకోగలిగితే ఇంకా వదులుగా ఉన్నట్టే.

ఇంట్లోకో దుకాణంలోకో అడుగు పెట్టగానే టోపీ, జాకెట్ తీసేయండి, బిడ్డ నిద్రలో ఉన్నా సరే. లేస్తుందేమోనని అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఇంటికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి, ముందు మీవి.

5. నీళ్లు, తిండి

చలికి దాహం తెలియదు, బిడ్డ అడగదు. ఫలితం మలబద్ధకం, ఎండిన పెదాలు. పాలతో కలిపి రోజంతా దాదాపు లీటరు ద్రవాలు లోపలికి వెళ్లాలి. గంటకోసారి రెండు గుక్కలు గోరువెచ్చటి నీళ్లు అందిస్తే చాలు. అలాగని పాలు పెంచుకుంటూ పోకండి. రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, ఇనుము తగ్గుతుంది. సరిపోతున్నాయో లేదో చూడాలంటే డైపర్ చూడండి: మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి, రోజులో నాలుగైదు సార్లయినా తడవాలి.

ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 600 ఐ.యు. విటమిన్ డి కావాలి. చలికాలంలో ఎండ తగలని పిల్లలకు చుక్కలు వేయాలా అన్నది డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి. సీసాను బట్టి ఒక చుక్కలో ఉండే పరిమాణం మారిపోతుంది, కాబట్టి పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు.

6. స్నానం

చలికాలంలో ఈ వయసు పిల్లలకు రోజు విడిచి రోజు తలారా కాకపోయినా ఒంటికి స్నానం చాలు. మధ్య రోజుల్లో ముఖం, మెడ మడతలు, చంకలు, చేతులు, పిర్రలు గోరువెచ్చటి గుడ్డతో తుడవండి. తలస్నానం వారానికి రెండుసార్లు, ఎండ ఉన్న వేళ.

అ. తువ్వాలు, క్రీము, డైపర్, బట్టలు వాడే వరసలో పరిచి పెట్టుకోండి. తడి బిడ్డను చంకనెత్తుకుని బనియన్ కోసం వెతకడంలోనే చలంతా పట్టేది.

ఆ. స్నానాల గది తలుపు, కిటికీ ముందే మూసి కాస్త వెచ్చబడనివ్వండి.

ఇ. తొట్టిలో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు. చేత్తో అడుగు దాకా బాగా కలపండి. 37, 38 డిగ్రీలుండాలి. మోచేయి పెట్టి చూస్తే వేడీ చలీ రెండూ తెలియకూడదు. అరచేతిని నమ్మకండి, పనులు చేసిన చేయి వేడికి అలవాటు పడిపోయి ఉంటుంది.

ఈ. ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. సబ్బు మురికి చేరే చోట్ల మాత్రమే.

ఉ. తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. మెడ మడతలు, చెవుల వెనక, తొడల సందులు విడదీసి ఆరబెట్టండి.

ఊ. మూడు నిమిషాల్లోపు, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే క్రీము రాయండి. అప్పుడే బట్టలు.

స్నానం తర్వాత ఒళ్లు ఎర్రబడితే నీళ్లు వేడి ఎక్కువైనట్టు. గంట తర్వాత కాళ్ల మీద గోటితో మెల్లగా గీసి చూడండి. తెల్లటి చార పడితే సబ్బు ఎక్కువైందో, క్రీము తక్కువైందో.

హెచ్చరికలు: గీజర్‌ను 50 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల నీళ్లు పిల్లల చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాల్చేస్తాయి. వేడినీళ్ల బకెట్ నేల మీద పెట్టి బిడ్డను పక్కన వదలకండి. బకెట్లో రాడ్ పెట్టి కాచేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకాకే నీళ్లు ముట్టుకోండి, అంతవరకూ ఆ గది తలుపు మూసే ఉండాలి. తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నా బిడ్డను ఒంటరిగా వదలకూడదు, ఫోన్ మోగినా సరే.

7. చర్మం

పొడి చర్మానికి నీళ్లలా జారే లోషన్ కన్నా క్రీము నయం, క్రీము కన్నా చిక్కటి ఆయింట్‌మెంట్ నయం. ఏడాదిన్నర బిడ్డకు ఒళ్లంతా రాయడానికి ఒకసారికి టీస్పూనున్నర క్రీము పడుతుంది. చాలామంది బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. స్నానం లేని రోజు కూడా రాయాలి.

గడ్డం కింద, పెదాల చుట్టూ ఎర్రబడటానికి కారణం చొంగ, తిండి తడి. తిండికి ముందు, పడుకునే ముందు అక్కడ పెట్రోలియం జెల్లీ పలుచగా పూయండి, తడి చర్మాన్ని అంటదు. ముక్కు కింద కూడా అంతే. ఈ దద్దుర్లను మాటిమాటికీ వెట్ వైప్‌తో తుడిస్తే ఇంకా మండుతాయి. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రటి మచ్చలు వచ్చి, రసి కారుతూ, రాత్రి దురదతో నిద్ర లేస్తుంటే ఇంటి వైద్యం ఆపి చర్మవైద్యులకు చూపించండి.

8. నిద్ర

దుప్పటి తన్నేసే బిడ్డకు పదిసార్లు లేచి కప్పడం కన్నా దుప్పటి అవసరం లేకుండా బట్టలు వేయడం మంచిది. దుప్పటి బదులు ఒంటికి తొడిగే సంచుల్లాంటి పిల్లల స్లీపింగ్ బ్యాగుల మీద టాగ్ అని ఒక అంకె ఉంటుంది, మందం ఎక్కువైతే అంకె పెరుగుతుంది.

- గది 21 నుంచి 23 డిగ్రీలుంటే: పలుచటి నైట్ సూట్, 1 టాగ్ బ్యాగు.
- 18 నుంచి 20 ఉంటే: పొడుగు చేతుల నైట్ సూట్, 2.5 టాగ్ బ్యాగు.
- 16, 17 ఉంటే: పొడుగు చేతుల నైట్ సూట్, 2.5 టాగ్ బ్యాగుకు తోడు లోబట్ట, సాక్సులు.

బ్యాగు మెడ రంధ్రంలోంచి బిడ్డ తల లోపలికి జారకూడదు. అందుకే పెద్దయ్యాక కూడా పనికొస్తుందని రెండు సైజులు ఎక్కువ కొనకండి. లేచి నడిచే పిల్లలకు కాళ్లు బయటికి వచ్చే రకం తీసుకోండి. బ్యాగు లేకపోతే లోబట్ట, నైట్ సూట్, దాని మీద పలుచటి ఫ్లీస్ ఒకటి వేయండి. దుప్పటి కప్పితే పలుచటిదే, ఛాతీ దాకానే.

పక్కలో ఉండకూడనివి: టోపీ, హుడ్ ఉన్న స్వెటర్, ఎలక్ట్రిక్ దుప్పటి, వేడినీళ్ల సంచి. చల్లటి పక్కను వెచ్చబరచాలంటే సంచిని ముందు పెట్టి, బిడ్డను పడుకోబెట్టేటప్పుడు తీసేయండి.

పెద్దవాళ్ల మధ్య పడుకునే పిల్లలకు ఒక పొర తగ్గించండి. రెండు ఒళ్ల వేడి, పైన బరువైన దుప్పటి, వీటితో అర్ధరాత్రికల్లా వీపు తడిసిపోతుంది. తెల్లవారుజామున దుప్పటి జారితే ఆ తడితోనే వణుకుతారు. బిడ్డకు విడిగా పలుచటి దుప్పటి ఇవ్వండి. మీరు పడుకోబోయే ముందు ఒకసారి మెడ వెనక చూడండి, అది చాలు.

డైపర్ కారి పక్క తడుస్తుంటే రాత్రికి ఒక సైజు పెద్దది వాడండి. పక్కను ఇలా పరవండి: నీళ్లు ఇంకని షీట్, దాని మీద దుప్పటి, మళ్లీ నీళ్లు ఇంకని షీట్, మళ్లీ దుప్పటి. రాత్రి తడిస్తే పైరెండూ లాగేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది, లైటు వేయక్కర్లేదు.

9. జలుబు చేస్తే

ఈ వయసు పిల్లలకు ఏడాదిలో ఆరేడు జలుబులు మామూలే, బడికో శిశు సంరక్షణ కేంద్రానికో వెళ్తుంటే ఇంకా ఎక్కువ. ఒక్కోటి వారం, పది రోజులుంటుంది, దగ్గు మూడు వారాలు లాగొచ్చు. మూడో రోజు చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ కావాలని కాదు, జలుబు నడిచే తీరే అది.

ముక్కు శుభ్రం చేయడం: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ఒక్కో ముక్కులో 2 లేదా 3 సెలైన్ చుక్కలు వేయండి. ఒక నిమిషం ఆగండి. బల్బును ముక్కు బయటే పూర్తిగా నొక్కి, కొనను ముక్కు అంచున ఆనించి, మెల్లగా వదలండి. ముక్కులో పెట్టాక నొక్కితే చీమిడి లోపలికి పోతుంది. తిండికి ముందు, నిద్రకు ముందు చేయండి. రోజుకు మూడు నాలుగుసార్లు దాటితే ముక్కు లోపల వాచి దిబ్బడ ఇంకా పెరుగుతుంది. చుక్కలు మందుల షాపులో దొరికేవే వాడండి. ఇంట్లో ఉప్పు కలిపితే గాఢత అటూఇటూ అవుతుంది.

రాత్రి దగ్గుకు పడుకునే ముందు అర టీస్పూన్ తేనె ఇవ్వొచ్చు, ఏడాది నిండిన పిల్లలకు మాత్రమే. దగ్గు సిరప్‌లు, జలుబు సిరప్‌లు డాక్టర్ రాయకుండా వేయకండి. కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు రెండేళ్ల లోపు పిల్లలకు వద్దు, ఆ తర్వాత కూడా ముక్కు కింద రాయకూడదు. కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి. దానివల్ల వచ్చే లాభం కన్నా కాలిన గాయాలే ఎక్కువ.

జ్వరం 38 డిగ్రీలు దాటి బిడ్డ నలతగా ఉంటే పారాసిటమాల్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: డాక్టర్ సాధారణంగా కిలోకు 15 మి.గ్రా. వరకు రాస్తారు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు సీసా మారడం. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. ఇవ్వాలంటే, 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ 6 మి.లీ. పడుతుంది. అదే 250 మి.గ్రా. ఉన్నదైతే 3 మి.లీ. చాలు. సీసా మీద అంకె చూడకుండా "ఎప్పుడూ ఇచ్చే ఆరు" అని పోస్తే రెట్టింపు పడినట్టే. రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు నాలుగుకు మించకూడదు. ఆస్పిరిన్ ఇవ్వకండి. జ్వరంగా ఉన్న బిడ్డకు దుప్పట్లు కప్పకండి, ఒక పొర చాలు.

ఫ్లూ టీకా ఏటా చలికాలానికి ముందే వేయించండి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. మొదటిసారి వేయించే పిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు.

10. ఊపిరి లెక్కపెట్టడం, ఎప్పుడు వెళ్లాలి

ఇది బిడ్డకు బాగున్నప్పుడే ఒకసారి చేసి చూసుకోండి, అవసరం పడ్డప్పుడు చేయి తిరుగుతుంది. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా స్థిమితంగానో ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. నిమిషం మొత్తం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించకండి, పిల్లల ఊపిరి ఒకేలా నడవదు. ఏడాది దాటిన బిడ్డకు నిమిషానికి 40 గానీ అంతకు మించి గానీ ఉంటే వేగంగా ఉన్నట్టే, ఆ రోజే చూపించాలి. జ్వరం ఉంటే తగ్గాక మరోసారి లెక్కించండి, కానీ దానికోసం గంటలు గంటలు ఆగకండి.

ఆ రోజే డాక్టర్‌కు చూపించాల్సినవి ఇంకొన్ని: మూడు రోజులు దాటిన జ్వరం, చెవి పట్టుకుని ఏడవడం, జలుబు తగ్గి మళ్లీ జ్వరం రావడం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం.

వెంటనే ఆస్పత్రికి, రాత్రైనా సరే: డొక్కలెగరేయడం, అంటే ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంటపడటం, ప్రతి ఊపిరికీ మూలుగు, పెదాలు నీలంగా మారడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: బిడ్డ బరువు, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, ఎక్కువలో ఎక్కువ జ్వరం ఎంత, ఏ మందు ఎన్ని గంటలకు ఎన్ని మి.లీ. ఇచ్చారు. ఇచ్చిన సిరప్ సీసాను కూడా సంచిలో వేసుకోండి. దారిలో ఒళ్లంతా చుట్టేయకండి, ఛాతీ కదలిక మీకు కనిపిస్తూ ఉండాలి.